హోల్డాన్ లేని బండి

(విజయవాడ పటమటలో ఒక కాలనీ సంఘం మహిళల కోసం ఆదివారం సాయంత్రం ఏర్పాటు చేసిన సభలో, ఆర్టీసీ కండక్టరుగా 27 ఏళ్లు పనిచేసిన ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మొదట ఒక చిన్న దిద్దుబాటు. మీ చేతుల్లో ఉన్న కరపత్రంలో నా ప్రసంగం పేరు 'ధైర్యమే నా బలం' అని వేశారు. అభిమానంతో వేసిందే, తప్పు పట్టను. కాని ఆ మాట ఇంట్లో చదివి వినిపిస్తే మా వారికి తాగుతున్న కాఫీ పొలమారింది. బల్లిని చూసి స్టూలెక్కే మనిషిని నేను. యాభై అయిదేళ్ల వయసులో కాళ్లకు స్కేటింగు చక్రాలు కట్టుకున్న మాట నిజమే. కట్టుకున్న మొదటి ఉదయం పార్కులో గానుగ చెట్టును రెండు చేతులా వాటేసుకుని ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడిపోయిన మాట కూడా నిజమే. వాకింగుకు వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి, ఏదో మొక్కు కాబోలనుకుని, తానూ చెట్టుకు ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

అందుచేత ధైర్యం సంగతి వేరే ఎవరైనా చెబుతారు. నేను పడటం గురించి మాట్లాడతాను. ఆ విద్యలో నాకు కొంత ప్రవేశం ఉంది.

మీలో సగం మందికి నేను బస్సులోనే తెలుసు. 1997లో కండక్టరుగా చేరాను. గుంటూరు, నూజివీడు, మచిలీపట్నం అన్నీ తిరిగాను కాని, ఎక్కువ కాలం చేసింది అవనిగడ్డ రూటు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. ఇప్పుడు డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు, అది వేరే సంగతి. కండక్టరు ఉద్యోగమంటే టికెట్లు కొట్టడం అనుకుంటారు. కాదండీ, నిలబడటం. ఒక చేతిలో టికెట్ల పెట్టె, తర్వాతి రోజుల్లో టికెట్లు కొట్టే టిమ్ము మిషను, రెండో చేతిలో చిల్లర, భుజాన సంచి. ఏదైనా పట్టుకుందామంటే మూడో చెయ్యి ఉండదు. బండి ఊగుతూ ఉంటుంది. సీటు అంచుకు నడుము ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వదులు చేసి, స్టేజీ వచ్చేలోపు ఎస్ఆర్, అంటే అమ్మిన టికెట్ల లెక్క కాగితం, రాసుకోవాలి. డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ప్రయాణికులు ఒకరి మీద ఒకరు పడేవారు. నేను పడేదాన్ని కాదు. 27 ఏళ్లలో బస్సు లోపల రెండే రెండుసార్లు పడ్డాను, ఆ రెండూ ఎవరో పెట్టిన బియ్యం మూటల పుణ్యమే.

ఈ గర్వం మనసులో పెట్టుకునే నేను పార్కుకు వెళ్లేదాన్ని. మా అమ్మాయి కూతురు రెండో తరగతి. దాన్ని స్కేటింగు నేర్పే క్లాసులో వేశారు. ఉదయం అయిదూ ముప్పావుకు దింపి, ఏడింటికి ఇంటికి తీసుకురావడం నా వంతు. కార్తీక మాసం, చలి మొదలైంది, మన ఊళ్లో దాన్ని చలి అనవచ్చు అనుకుంటే. తల్లులందరూ అరుగు మీద కూర్చుని ఫోన్లు చూసుకునేవారు. నేను మాత్రం గట్టు మీద నిలబడి వ్యాఖ్యానం చెప్పేదాన్ని. 'మోకాళ్లు వంచవే! కిందికి చూడకు, ముందుకు చూడు! అలా బిగుసుకుపోతావేం?' మూడు వారాలు ఓర్చుకుంది. ఒకరోజు నా ముందుకు జారుకుంటూ వచ్చి ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మమ్మా, ఒక్కసారి నువ్వు కట్టుకుని చూడు. అప్పుడు చెప్పు" అంది.

పక్కనే ఉన్న కోచ్ విన్నాడు. ఇరవై మూడేళ్ల కుర్రాడు. నవ్వి ఊరుకుంటాడేమోననుకున్నాను. మర్నాడు నా కాలికి సరిపోయే జత పట్టుకొచ్చాడు. అప్పటిదాకా నన్ను మేడమ్ అనేవాడు. మొదటిసారి పడ్డ తర్వాత అమ్మా అనడం మొదలుపెట్టాడు.

ఆ వస్తువు ఎలా ఉంటుందో చెబుతాను. పాదానికి ఒక ఇనుప చట్రం. పొడవు పెంచడానికి, తగ్గించడానికి మధ్యలో ఒక మర. మన మామూలు బూట్లతోనే అందులో కాలు పెట్టి పట్టీలు బిగించుకోవాలి. కింద ముందు రెండు, వెనక రెండు చక్రాలు. ఒక్కో చక్రంలో రెండు బేరింగులు, అంటే రెండు కాళ్లకూ కలిపి పదహారు. ఆ బేరింగు లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వలయం 22, మందం 7. కొన్నాళ్ల క్రితం పిల్లలు వేలి మీద గిర్రున తిప్పేవారే, ఆ స్పిన్నర్ బొమ్మ నడుమ ఉండేది కూడా ఇదే కొలత బేరింగు. వేలి మీద అది ఎంతసేపు తిరిగేదో గుర్తు తెచ్చుకోండి. అలాంటివి పదహారు మీ పాదాల కింద ఉన్నాయి. ఇక ఊహించుకోండి.

మోకాళ్లకు ప్లాస్టిక్ చిప్పలు కట్టారు. దేవుడిచ్చిన చిప్పల మీద ఇంకో జత చిప్పలు. మోచేతులకు రెండు, మణికట్టుకు రెండు, తలకు హెల్మెట్. పంజాబీ డ్రెస్సు వేసుకుని వెళ్లాను. లేవబోతుంటే మనవరాలు "అమ్మమ్మా, చున్నీ!" అని అరిచింది. నిజమే. చక్రంలో చున్నీ చిక్కుకుంటే ఏమవుతుందో మోటారు సైకిళ్ల వెనక కూర్చునే మనందరికీ తెలుసు. తీసి గానుగ కొమ్మకు వేలాడదీశాను. స్కేటింగుకు వెళ్లేవాళ్లెవరూ చున్నీ, చీర కొంగు, పొడవాటి గొలుసు పెట్టుకోకండి. 

లేచాను. లేచానంటే సగం లేచాను. మొదట నాకు అర్థం కానిది ఏమిటంటే, నేను ఏమీ చేయకుండానే కాళ్లు వెళ్లిపోతున్నాయి. బస్సులో అలా కాదు. అక్కడ బండి కదిలినా, నా చెప్పూ బండి నేలా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. నడిచేటప్పుడు కూడా అంతే. పాదంతో నేలను వెనక్కి తోస్తాం, నేల మనల్ని ముందుకు పంపుతుంది. పుట్టి ఏడాది తిరిగినప్పటి నుంచి చేస్తున్న పని కాబట్టి దాన్ని పని అనుకోం. చక్రాలు కట్టుకుని అదే పని చేస్తే నేల పలకదు. వెనక్కి తోస్తే కాలే వెనక్కి పోతుంది, మనిషి ఉన్నచోటే ఉండి ముక్కు మీద పడతాడు.

దీనికి విరుగుడు చాలా తేలిక, కాని ఒంటికి ఎక్కడానికి నాకు పది రోజులు పట్టింది. చక్రం ముందుకూ వెనక్కూ దొర్లుతుంది. అడ్డంగా దొర్లదు. కాబట్టి తోయాల్సింది వెనక్కి కాదు, పక్కకు. మడమలు దగ్గరగా, వేళ్లు ఎడంగా పెట్టి, ఒక కాలిని ఏటవాలుగా బయటికి తోస్తే రెండో కాలు మనల్ని మోసుకుని ముందుకు వెళుతుంది. తర్వాత రెండోది. చూడటానికి బాతు నడకలా ఉంటుంది. ఎంత పెద్ద ఆటగాళ్లయినా మొదట బాతులే.

అలా నిలబడే తీరు నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది. రెండో రోజు తట్టింది. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే పిల్లలు మా బస్సు ఎక్కేవారు. వాళ్ల అరమండి ఇదే కదా! మడమలు కలిపి, వేళ్లు విప్పి, మోకాళ్లు బయటికి వంచి కూర్చున్నట్టు నిలబడటం. ఒకమ్మాయి సంచిలో ఇత్తడి పళ్లెం తెచ్చుకునేది. తరంగం చేస్తారు చూడండి, పళ్లెం అంచు మీద రెండు పాదాలూ పెట్టి, తల మీద నీళ్ల చెంబుతో, తాళానికి ఆ పళ్లేన్నే జరుపుతూ ముందుకు వస్తారు. ఆ అమ్మాయిని ఒకసారి అడిగాను, "పడవా తల్లీ?" అని. "తల కదలకూడదండీ, నడుము కింద అంతా కదలాలి" అంది. అప్పుడు చిల్లర లెక్కపెట్టుకుంటూ విన్న మాట, పదిహేనేళ్ల తర్వాత పార్కులో పనికొచ్చింది. పాదాల కింద కదిలే వస్తువు పెట్టుకుని నిలబడే విద్య ఎక్కడో విదేశాల్లో పుట్టిందనుకుంటాం. ఇక్కడికి గంటన్నర ప్రయాణంలో ఉన్న ఊళ్లో మన పిల్లలు తలమీద నీళ్లతో సహా చేస్తున్నారు.

అరమండి, తరంగం అంటూ కబుర్లు బాగానే చెబుతున్నాను. మొదటిరోజు ఇవేవీ తట్టలేదు. తట్టింది భయం ఒక్కటే. భయం వేస్తే ఒళ్లు చేసే పని ఒకటుంది. మీరు ఇంటికి వెళ్లి గమనించండి. ముందు పాము కనబడితే వెనక్కి వాలతాం. కాళ్లు బిగుస్తాయి, నడుము వెనక్కి పోతుంది, చేతులు గాల్లోకి లేస్తాయి. మట్టి నేల మీద అది ప్రాణం కాపాడే పనే. చక్రాల మీద అదే ప్రాణం తీస్తుంది. వెనక్కి వాలగానే బరువు మడమల మీదికి పోతుంది, కాళ్లు ముందుకు జారిపోతాయి, మనిషి వెల్లకిలా పడతాడు. తల వెనక భాగం గాని, నడుము చివరి ఎముక గాని నేలకు కొట్టుకుంటుంది. ముందుకు పడేవాళ్లకు మోకాళ్లకూ చేతులకూ కవచాలున్నాయి. వెనక్కి పడేవాళ్లకు హెల్మెట్ తప్ప ఏమీ లేదు.

నేను వాలాను. కాళ్లు జారాయి. అదృష్టం కొద్దీ గానుగ చెట్టు చేతికందింది. ఆ తర్వాత కథ మీకు చెప్పాను.

ఇరవై నిమిషాల తర్వాత కోచ్ వచ్చి, "మేడమ్, చెట్టు వదలండి, పడటం నేర్చుకుందాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. 'బాబూ, నిలబడటం నేర్పు, పడటం నాకు వచ్చు' అన్నాను. "రాదండీ. మీకు పడిపోవడం వచ్చు" అన్నాడు.

ఆ రెండు మాటలకూ ఉన్న తేడా చెప్పడానికే ఇవాళ ఇంత దూరం వచ్చాను. దూరమంటే రెండు వీధులే లెండి.

నన్ను గచ్చు మీది నుంచి పక్కనున్న గడ్డి మీదికి నడిపించాడు. గడ్డిలో చక్రాలు కూరుకుంటాయి, దొర్లవు. అక్కడ మామూలు మనిషిలా నిలబడవచ్చు. ఇక చెప్పింది చేయమన్నాడు. ముందు కిందికి కుంగాలి, కుర్చీ లేని చోట కూర్చోబోతున్నట్టు. ఎంత కుంగితే నేల అంత దగ్గరవుతుంది, పడే ఎత్తు తగ్గుతుంది. ఆ కుంగిన చోటు నుంచి ఒక పక్క మోకాలు ఆనించాలి, తర్వాత రెండోది. మోకాలి చిప్పల ప్లాస్టిక్ గచ్చు మీద జారుతుంది, అందుకే పెట్టారు దాన్ని. ఆ జారుడుతో పాటు ఒళ్లు ముందుకు వంగుతుంది, మోచేతులు ఆనుతాయి, చివరగా అరచేతులు. అరచేతులు ఆనేటప్పుడు వేళ్లు పైకి ఎత్తి ఉంచాలి. మణికట్టు కవచంలో అరచేతి వైపున వంపు తిరిగిన గట్టి ప్లాస్టిక్ బద్ద ఉంటుంది, దెబ్బ దాని మీద పడి ముందుకు జారిపోవాలి. వేళ్లు కింద ఉంటే వెనక వచ్చే పిల్లల చక్రాల కింద పడతాయి. పడి ఉన్నప్పుడు పిడికిలి మూసుకోవడం ఇంకా మంచిది.

గడ్డి మీద ఇరవై అయిదు సార్లు పడ్డాను. లెక్క నా మనవరాలు పెట్టింది, టికెట్లు లెక్కపెట్టినట్టు. మొదటి పదిసార్లూ కళ్లు మూసుకుని పడ్డాను. పన్నెండోసారి కళ్లు తెరిచి పడ్డాను. గడ్డిలో ఒక చీమల బారు పోతోంది. ఆ చీమలు కనబడిన క్షణంలో నాకేదో వదులైంది. నేల మీద అంత దగ్గరగా ఏముంటుందో చూసి ఎన్నేళ్లయిందో! పదేళ్లలోపు రోజుకు పదిసార్లు పడేవాళ్లం, దులుపుకుని లేచేవాళ్లం. ఓణీ వేసిన దగ్గరి నుంచి పడటం పరువు సమస్య అయింది. నలుగురిలో కాలు జారితే ముందు దెబ్బ చూసుకోం, ఎవరైనా చూశారా అని చూసుకుంటాం. అవునా కాదా? ఆ చూసుకునే అలవాటే బిగుసుకుపోయేలా చేస్తుంది.

లేవడానికీ ఒక పద్ధతి ఉంది. రెండు చేతులూ నేలకు ఆనించి నడుము లేపితే మళ్లీ జారతాం. మోకాళ్ల మీద నిలబడి, ఒక పాదం ముందు నిలిపి, రెండు అరచేతులూ ఆ మోకాలి మీదే పెట్టి తోసుకుంటూ లేవాలి. సాష్టాంగపడి లేచేవాళ్లను కనకదుర్గమ్మ కొండ మీద చూస్తుంటాం కదా, వయసు మళ్లినవాళ్లు లేచే తీరు ఇదే.

మణికట్టు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడున్న వాళ్లలో ఎక్కువమంది నలభై అయిదు దాటినవాళ్లు. నాతో పనిచేసిన ఒకావిడ వాన రోజున బస్సు మెట్టు దిగుతూ జారింది. పడేటప్పుడు చెయ్యి చాపింది. ముంజేతి ఎముక మణికట్టు దగ్గర విరిగింది. నేను తోడుగా వెళ్లాను. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి, మీ వయసు ఆడవాళ్లలో తరచుగా చూసే ఎముక విరుపు ఇదే అన్నారు. పడేటప్పుడు చెయ్యి చాపడం మన చేతిలో లేని పని, ఒళ్లు తనంతట తాను చేస్తుంది. మనిషి బరువంతా ఆ ఒక్క ఎముక మీదికి వస్తుంది. బహిష్టులు ఆగాక ఎముకలు పలచబడతాయి కాబట్టి మనకు అది ఇంకా సులువుగా విరుగుతుంది. అబ్రహాం కోలిస్ అనే ఐర్లండు వైద్యుడు 1814లోనే దీని గురించి రాశాడట, ఆయన పేరే పెట్టారట. ఆ రోజుల్లో ఎక్స్‌రే కూడా లేదు, చేత్తో తడిమి కనిపెట్టాడు.

ఇంత చెప్పాక కూడా మణికట్టు కవచం లేకుండా చక్రాల మీద నిలబడతానంటే నేను చేసేదేమీ లేదు. మోకాలి చిప్పలు కొని, వీటిని వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు, డబ్బు దండగ అని. నన్నడిగితే ముందు ఇవే కొనండి. ఎముకల డాక్టరు ఇప్పటికే కాల్షియం, విటమిన్ మాత్రలు రాసి ఉంటే ఆయన్ను అడగకుండా ఈ పనికి రాకండి.

ఇక గచ్చు మీదికి వద్దాం. కదలడం వచ్చాక పెద్ద సమస్య ఆగడం. నా జీవితమంతా 'హోల్డాన్' అంటే బండి ఆగేది, 'రైట్ రైట్' అంటే కదిలేది. నోటి మాటతో యాభై మందిని ఆపినదాన్ని. నాలుగో రోజు కాస్త వేగం అందుకుంది. ఎదురుగా సిమెంటు బెంచీ. నా నోటి నుంచి నాకు తెలియకుండానే "హోల్డాన్! హోల్డాన్!" అని వచ్చింది. పిల్లలందరూ ఆగారు. నేను తప్ప. బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాయన లేచి పక్కకు తప్పుకున్నారు, బెంచీ మాత్రం తప్పుకోలేదు.

ఈ తిప్పలు పడ్డ మొదటి మనిషిని నేనే అనుకుని సిగ్గుపడ్డాను. కాదని తర్వాత తెలిసింది. 1735లో ఇప్పటి బెల్జియంలో పుట్టిన జోసెఫ్ మెర్లిన్ అనే ఆయన లండన్ చేరి గడియారాలు, సంగీత వాయిద్యాలు, రకరకాల యంత్రాలు తయారు చేసేవాడు. చక్రాల బూట్లు కూడా చేసుకున్నాడు. ఒక విందులో గొప్ప చూపిద్దామని అవి తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ హాల్లోకి జారుకుంటూ వచ్చాడట. బూట్లు చేశాడు గాని ఆగే దారి, మళ్లే దారి చేయలేదు. నేరుగా వెళ్లి 500 పౌండ్లకు పైగా విలువ చేసే నిలువుటద్దాన్ని గుద్దాడు. అద్దం ముక్కలు, వయొలిన్ ముక్కలు, ఆయనకు బాగా దెబ్బలు. అప్పటికి అది ఎంత సొమ్మో! నాది సిమెంటు బెంచీయే.

మళ్లే దారి కనిపెట్టడానికి ఇంకా వందేళ్లు పట్టింది. అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన 1863లో నాలుగు చక్రాల స్కేటుకు పేటెంటు తీసుకున్నాడు. చట్రానికీ చక్రాల ఇరుసుకూ మధ్య రబ్బరు దిండు పెట్టాడు. పాదాన్ని ఒక పక్కకు వంచితే ఆ రబ్బరు నొక్కుకుని చక్రాలు ఆ పక్కకే మళ్లుతాయి. నా కాళ్లకున్నవీ ఆ వంశానివే. ఒకే వరసలో చక్రాలుండే రకం మీ పిల్లల దగ్గర చూసి ఉంటారు. దానికి బ్రేకు మడమ వెనక ఉంటుంది. నా రకానికి బూటు ముందు వేళ్ల దగ్గర రబ్బరు బిరడా ఉంటుంది. కొత్తవాళ్లు వేగంలో ఉండగా దాన్ని నేలకు నొక్కితే బోర్లా పడతారు. మొదట నేర్వాల్సిన ఆగుడు వేరు. కాళ్లు ఎడంగా పెట్టి, ఈసారి వేళ్లు లోపలికి, మడమలు బయటికి తిప్పి, రెండు కాళ్లతో నేలను బయటికి నొక్కుతూ కుంగిపోవాలి. నెమ్మదిగా ఆగుతుంది. బస్సు స్టేజీ దగ్గర ఆగినట్టు కాదు, రైలు ప్లాట్‌ఫారం మీద ఆగినట్టు. దానికి తగ్గట్టు ముందే మొదలుపెట్టాలి.

కొద్దిరోజులకు ఒక చుట్టు పడకుండా తిరిగాను. మా వారు ఆ రోజు చూడటానికి వచ్చారు, చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ఆయన ముందుగా వెళుతూ గర్వం ఆపుకోలేక చెయ్యెత్తి ఊపాను. చెయ్యి లేవగానే ఒళ్లు నిటారుగా అయింది, మోకాళ్లు బిగిశాయి, మిగతాది చెప్పనక్కర్లేదు. కాని ఈసారి కుంగి, మోకాళ్ల మీద పడి, జారి, మోచేతుల మీద ఆగాను. చిప్పల మీద ఒక గీత పడింది, ఒంటి మీద ఏమీ లేదు. మా వారు "అయ్యో" అని పరుగెత్తుకొచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. నా మొత్తం స్కేటింగులో నేను బాగా చేశాననుకునేది ఆ పడటమే.

కోచ్ వచ్చి ఒక సంగతి చెప్పాడు. 2023 అక్టోబరు 2న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మగవాళ్ల 3000 మీటర్ల స్కేటింగు రిలే. కొరియా జట్టు ముందుంది. చివరి ఆటగాడు గీత దగ్గరకు రాగానే గెలిచామని చేతులు పైకెత్తేశాడు. వెనక వస్తున్న తైవాన్ ఆటగాడు కాలు ముందుకు చాపాడు. సెకనులో నూరో వంతు తేడాతో బంగారం చేయి జారింది. ఆ పోటీలో మూడోస్థానం మనదే. అదే రోజు మన ఆడపిల్లల జట్టుకూ కాంస్యం వచ్చింది. అంతకుముందు 2010లో గ్వాంగ్‌జౌలో మన హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా కళాత్మక స్కేటింగులో రెండు కాంస్యాలు తెచ్చాడు. ఇవేవీ నాకు తెలియవు. క్రికెట్ స్కోరు మాత్రం ప్రయాణికులు అడగకముందే చెప్పేదాన్ని.

తల్లులకు ఒక మాట. పిల్లల చెయ్యి పట్టుకుని పక్కన నడవకండి. మేలు చేస్తున్నామనుకుంటాం. పిల్ల బరువు మీ చేతి మీద వాలుతుంది, పాదాల మీద ఉండదు. మీరు వదిలిన క్షణాన పడుతుంది. పైగా పడేటప్పుడు మిమ్మల్నీ లాగుతుంది, మీకు చిప్పలు లేవు. నన్ను కూడా మా అమ్మాయి ఒకరోజు పట్టుకుంది, ఇద్దరం కలిసి పడ్డాం. దెబ్బ తనకే తగిలింది.

రెండో మాట, చోటు గురించి. మన ఊళ్లో వాకింగుకు దారులున్నాయి, చక్రాలకు నున్నటి నేల దొరకడం కష్టం. ఉన్న గచ్చు మీద ఇసుక రేణువులు, ఎండిన ఆకులు, వేసవిలో వేప పండ్లు. గోళీ కన్నా చిన్న గులకరాయి చాలు, చక్రం అక్కడే నిలిచిపోతుంది, మనిషి నిలవడు. గతుకుల రోడ్డు మీద అయితే ముందే తెలిసి కాచుకుంటాం. నున్నటి నేల మీది ఒక్క గులకరాయిని ఎవరూ కాచుకోరు. అందుకే మా కోచ్ క్లాసు మొదలయ్యేముందు పెద్ద పిల్లల చేతికి చీపుర్లిస్తాడు. అలా ఊడ్చేటప్పుడే నేల తెలుస్తుంది, ఎక్కడ పగులుంది, ఎక్కడ వాలుంది, ఎక్కడ గచ్చు పలకల నడుమ సందు లోతుగా ఉంది అని. ఇప్పుడు నా వంతు వారానికి మూడు రోజులు. ఏప్రిల్ వస్తే అయిదింటికే మొదలుపెట్టాలి. ఏడు దాటితే మన ఊరి గచ్చు సంగతి మీకు తెలిసిందే.

నేను చెప్పాల్సింది అయిపోయింది. అడగాల్సినవి అడగండి.

(ఒక శ్రోత: ఇంకా భయం వేస్తుందా?)

వేస్తుందండీ. రోజూ పట్టీలు బిగించుకునేటప్పుడు కడుపులో తిప్పుతుంది. మొదటి చుట్టు సగం అయ్యేవరకు ఉంటుంది. పోతుందేమోనని ఎదురు చూశాను, పోలేదు. ఇప్పుడు దానికీ ఒక టికెట్ కొట్టి ఎక్కించుకుంటున్నాను.

(మరొక శ్రోత: ఇంట్లో ఎవరూ వద్దనలేదా?)

మా అత్తగారు అన్నారు. ఆవిడకు 81 ఏళ్లు. 'ఈ వయసులో నీకెందుకే' అన్నారు. నిజానికి ఆవిడకు నా కన్నా చక్రాల అనుభవం ఎక్కువ, తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత చక్రాల వాకరుతో ఇల్లంతా తిరుగుతారు. ఆ వాకరు పట్టుకుని నడిచేటప్పుడు వెనక్కి వాలవద్దని నేనే ఇప్పుడు చెబుతున్నాను. వింటున్నారు కూడా, అది మాత్రం వింత.

(మరొక శ్రోత: ఇప్పుడు ఎంత వరకు వచ్చింది?)

ఆగకుండా ఆరు చుట్లు. ఎడమ వైపు బాగా తిరుగుతాను. కుడి వైపు రాదు. నవ్వకండి. పిల్లలందరూ గడియారానికి ఎదురు దిక్కులోనే తిరుగుతారు, అలా అయితేనే ఒకరినొకరు గుద్దుకోరు. దాంతో మాకు మలుపులన్నీ ఎడమకే. కుడికి ఎప్పుడైనా నేర్చుకోవాలి. పార్కు గేటు కుడి చేతి వైపు ఉంది. అందుకని గేటు వరకు వెళ్లాలంటే మొత్తం చుట్టంతా ఎడమగా తిరిగి వస్తాను. లేదంటే అరుగు మీద కూర్చుని చక్రాలు విప్పేసి, చంకన పెట్టుకుని నడిచి వెళతాను.